నింగిపిట్ట కాలిమట్టి

గగనకేతుల వంశానికి కాళ్లు లేవు. ఉన్నాయి గాని, ఉన్నట్టు వారు ఒప్పుకోరు.

ఏడు తరాల కిందట ఎవరో దీవి వర్తకులు ఆ వంశ మూలపురుషుడికి ఒక ఎండిన పిట్టను కానుక ఇచ్చారు. పసిడి వన్నె తోక, పచ్చలు పొడిచేసి అద్దినట్టున్న మెడ, నెత్తిన మూడు నీలపు ఈకల తురాయి. దానికి కాళ్లు మాత్రం లేవు. ఆస్థాన పండితులు నలభై రోజులు కూర్చుని, రాజుగారి ఖర్చుతో భోంచేసి, ఆ పిట్ట పుట్టుకతోనే కాళ్లు లేనిదనీ, చచ్చేదాకా ఆకాశంలోనే తిరుగుతుందనీ, మంచు తాగి మబ్బుల మీద గుడ్లు పెడుతుందనీ తేల్చారు. నిష్పాద విహంగమని పేరు పెట్టారు; జనం నోట అది నింగిపిట్ట అయింది. రాజుగారు మురిసిపోయి దాన్ని జెండా మీదికి ఎక్కించారు. అంతటితో ఆగినా బాగుండేది. నేలను తాకని పక్షిని జెండాగా పెట్టుకున్న రాజు తాను నేలను తాకడమేమిటని ఎవరో మహానుభావుడికి తోచింది. అది మొదలు ఆ ఇంట పుట్టిన మగబిడ్డ పాదం మట్టికి గాని, రాతికి గాని, చెక్కకు గాని తగలరాదు. మంచం మీంచి పల్లకిలోకి, పల్లకిలోంచి సింహాసనం మీదికి, అక్కణ్ణుంచి మళ్లీ మంచం మీదికి. ఏడు తరాలుగా ఆ రాజ్యాన్ని ఏలుతున్నది ఇలాంటి వారు.

ఇప్పుడా పల్లకి నడిసముద్రంలో ఉంది. అందులో ఇరవై రెండేళ్ల యువరాజు విమలకేతుడు ఉన్నాడు. పట్టాభిషేకానికి ముందు యువరాజు స్వయంగా తూర్పు సంతదీవికి వెళ్లి ఆ పక్షి తోలు తెచ్చి కిరీటంలో పెట్టుకోవాలని ఆచారం. తెరచాప కొయ్యకు మోకులతో కట్టిన పల్లకి, దాని చుట్టూ ఎనిమిదిమంది బోయీలు. కెరటం లేచినప్పుడల్లా వాళ్లు ఒకరి మీద ఒకరు పడేవారు, పల్లకి మాత్రం పడనిచ్చేవారు కాదు. మూడు నెలలు అలా గడిచాక తుఫాను పట్టుకుంది. అయిదు రోజులు ఓడను దూదిలా ఏకి, దిక్కు తెలియని చోట వదిలిపెట్టి పోయింది. ఇప్పుడు ముప్పై ఆరుమందికి అర పీపా మంచినీళ్లు మిగిలాయి. నావికుడికి పూటకో చిప్పెడు, యువరాజుకు మూడు చిప్పలు. ఎందుకు మూడంటే, ఆయన యువరాజు కనుక.

ఓడలో ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. మహామాంత్రికుడు ధూమకుండుడు. మెడలో ఎప్పుడూ రాజుకుంటూ ఉండే చిన్న పొగకుండ, పక్కన ఇద్దరు శిష్యులు, ఒళ్లో జీవకోశమనే తాటాకుల గ్రంథం. లోకంలోని జీవులు వెయ్యిన్నీ ఎనిమిదేనని, కోట కందకం దాటి ఎరగని పెద్దలు కూర్చుని రాసిన గ్రంథమది. అందులో లేని జీవి లోకంలో లేదని శాసనం.

ఆ గ్రంథంలోని జీవులకు బొమ్మలు గీయడానికి తెచ్చిన పిల్ల కాచమ. ఉప్పుమళ్ల మీద వాలే కొంగలను చూస్తూ పెరిగింది. పందొమ్మిదేళ్లు. చేతిలో గంటం, నడుముకు చిన్న వల, నోటికి అదుపు లేదు. సముద్రం మీదికి రమ్మనేసరికి ఆస్థాన చిత్రకారులంతా ఒక్కసారే జ్వరం తెచ్చుకుని పడుకోవడంతో ఈమెకు అవకాశం దొరికింది.

మొదటి నెలలోనే కాచమ నీటిలోంచి లేచి ఎగిరే చేపను పట్టింది. ధూమకుండుడు ఆకులన్నీ తిరగేశాడు. చేపల్లో ఎగిరేవి లేవు, పక్షుల్లో పొలుసులున్నవి లేవు. "ఇది భ్రమ" అని దాని మీద పొగ ఊది సముద్రంలోకి విసిరించాడు. భ్రమ ఈదుకుంటూ పోయింది. రెండో నెలలో ఆమె నేలకు నూరామడల దూరాన నీటి మీద పరుగులు తీసే పురుగును చూసింది. ఓడ అడుగున తలకిందులుగా అతుక్కుని, కాళ్లతో తిండిని నోట్లోకి తోసుకునే గుల్లను చూసింది. ఒంటి మీద సొంతంగా తోటను పెంచుకుని మోసుకు తిరిగే ఎండ్రకాయను చూసింది. అన్నీ భ్రమలే. మూడు నెలల్లో నూట పద్నాలుగు భ్రమలు తేలాయి. కాచమ వాటన్నిటినీ తన సొంత ఆకుల మీద గీసి బియ్యం బస్తాల కింద దాచింది. ఒకనాడు యువరాజు ఆ బొమ్మలు అడిగి తెప్పించుకుని, అన్నీ చూసి, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు.

"ఇందులో రుచిగా ఉండేది ఏది?"

కాబోయే మహారాజు మరి.

తుఫాను వెలిసిన పన్నెండో రోజు ఉదయం ఓడ ముందుకొనన మోకు మీద ఏదో బంగారు ముద్దలా వచ్చి పడింది. కాచమ వల విసిరి అందుకుంది. పసిడి తోక, పచ్చల మెడ, నెత్తిన మూడు ఈకలు. గుండె దడదడ కొట్టుకుంటున్న బతికున్న పిట్ట. కాచమ దాన్ని వెల్లకిలా తిప్పి చూసి, అలాగే కూర్చుండిపోయింది.

రెండు కాళ్లు. పసుపుపచ్చవి, సన్నని పొలుసులతో చక్కగా ఉన్నవి, ఒక్కో కాలికి నాలుగేసి వేళ్లు. ఆ వేళ్ల సందుల్లో ఎర్రమట్టి.

ఆమె ఆ మట్టిని గోటితో గిల్లి నలిపింది. నలగలేదు, అంటుకుంది. ఒక్క ఉదుటున లేచి సరంగు నూకరాజు దగ్గరికి పరుగెత్తింది. నలభై ఏళ్లు సముద్రం మీదే బతికిన ముసలాయన. చుక్కాని పట్టుకుని, ఎండిన పెదాలు నాకుతూ నిలబడి ఉన్నాడు.

"బాబాయ్, ఈ మట్టి చూడు. ఇంకా తడిగా ఉంది."

నూకరాజు మట్టిని వేలితో తీసి వాసన చూశాడు, నాలుక చివర పెట్టుకున్నాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఉప్పులేదే గుంటా. ఏటొడ్డు మట్టి ఇది. ఈ ఎండలో ఎగిరొచ్చినా ఆరనేదంటే నేల దగ్గర్లోనే ఉన్నాది. నీల్లు కూడా ఉన్నాయి. పిట్ట ఎటునుంచొచ్చింది?"

"ఆగ్నేయం నుంచి. దీన్ని వదిలితే తిరిగి గూటికే పోతుంది. వెనకే పోదాం."

"పోదామే. కానీ సుక్కాని తిప్పాలంటే బాబుగారి ఆన కావాలి కదా. ఆయన్ని అడగాలంటే ఆ పొగాయన్ని దాటెల్లాలి."

దాటి వెళ్లే పని లేకుండా పొగాయనే వచ్చాడు. పిట్టను చూశాడు. దాని కాళ్లను చూశాడు. ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. అది కాచమ గమనించింది. మూడు నెలలుగా ఎండ్రకాయను చూసినా ఉలిక్కిపడే మనిషి, రాజ్యానికి జెండా అయిన పక్షికి కాళ్లుంటే ఉలిక్కిపడలేదు.

"అమ్మాయీ, జీవకోశం మొదటి పత్రం చదివావా? నిష్పాద విహంగానికి పాదాలు లేవు. దీనికి ఉన్నాయి. కనుక ఇది నిష్పాద విహంగం కాదు. ఇటివ్వు."

"కాకపోతే పోనీయండి స్వామీ. ఏ పిట్టయితేనేం, మట్టి మట్టే కదా. మనకు కావలసింది నీళ్లు."

"నీళ్లకంటే ముందు సత్యం ముఖ్యం."

"పూటకు చిప్పెడు తాగేవాళ్లను అడగండి, ఏది ముందో చెబుతారు."

నావికులు ఒక్కొక్కరే పనులు వదిలి దగ్గరికి చేరారు. ధూమకుండుడు వాళ్ల ముఖాలు చూశాడు. పిట్టను లాక్కుంటే ఊరుకునేలా లేరు. లాక్కోకపోతే ఏడు తరాల కొలువు గంగలో కలుస్తుంది. ఆయన పొగకుండ తెరిచి, పడమటికి తిరిగి, చెంపలుబ్బేలా ఒక్క ఊదు ఊదాడు.

పొగ సముద్రం మీద పరుచుకుంది, పైకి లేచింది, రంగులు తేలింది. చూస్తూండగానే పడమటి అంచున దీవి వెలసింది. ఆకుపచ్చని కొండలు, కొండల మీంచి జాలువారే వెండి జలపాతం, ఒడ్డు పొడుగునా బారులు తీరిన కొబ్బరిచెట్లు, చెట్ల కింద మేసే లేళ్లు, ఇసుక మీద ఒంటికాలిపై నిలిచిన కొంగలు. దాహంతో కళ్లు తిరుగుతున్న నావికులు ఒక్క కేక పెట్టారు. పల్లకిలోంచి విమలకేతుడు తల బయటపెట్టి, "పడమటికి పోనివ్వండి" అన్నాడు. మూడు నెలల్లో ఆయన ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది. అదీ తప్పే. నూకరాజు నిట్టూర్చి చుక్కాని తిప్పాడు.

కాచమ పిట్టను మూతబుట్టలో పెట్టి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఆ దీవిని చూసింది. ఒక కొండను చూసింది, ఒక చెట్టును చూసింది, ఒక కొంగను చూసింది. ఆమెకు నవ్వాగలేదు. ఓడ గాలివాటుకు దూసుకుపోతోంది, ఇంకో మూడొందల బారల దూరం లేదు.

"ఓ అన్నలూ, కాస్త ఆగి ఆ కొబ్బరిచెట్టు చూడండి. కాయలు ఎక్కడ కాశాయి?"

అందరూ చూశారు. కాయలు మట్టల చివర, ఆకుకొకటి చొప్పున, తోరణం కట్టినట్టు వేలాడుతున్నాయి.

"ఆ కొంగ మోకాలు చూడండి. మనిషిలా ముందుకు వంచింది. ఆ ఏరు చూడండి, ఒడ్డు దగ్గర మొదలై కొండెక్కుతోంది. అంత దీవి మీద ఆకాశంలో ఒక్క పిట్ట లేదు. ఈ స్వామివారు పుట్టి యాభై ఏళ్లయింది, ఒక్కనాడూ ఒక్క చెట్టు వైపు తలెత్తి చూడలేదు పాపం. చూడనిదాన్ని ఎలా పుట్టిస్తారు?"

ముందు ఒక బోయీ కిసుక్కుమన్నాడు. తర్వాత ఓడంతా నవ్వింది. నమ్మితేనే నిలిచే మాయ అది. నవ్విన కొద్దీ చిరుగులు పడింది. ముందు లేళ్లు పోయాయి, తర్వాత కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి, చివరికి కొండలు. కొండలు పోయాక వాటి వెనక ఉన్నది కనిపించింది. నీటి మీదికి పళ్లలా పొడుచుకు వచ్చిన నల్లరాళ్లు, వాటి మీద తెల్లగా విరుగుతున్న కెరటాలు. మహా అయితే నూరు బారల దూరం.

"తెరసాప దించండ్రా," అని అరుస్తూ నూకరాజు చుక్కాని మీద ఒళ్లంతా వేసి వాలిపోయాడు. తెరచాప సగం దిగి సగం చిరిగింది. ఓడ పక్కకు ఒరిగి, మూలుగుతూ తిరిగి, కుడివైపు పలకలు రాతికి రాచుకుంటూ బయటపడింది. ఎవరూ చావలేదు. కానీ ఆ కుదుపుకు నీళ్ల పీపా మోకు తెంచుకుని దొర్లింది. మూత ఊడింది. అర పీపా నీళ్లు చెక్కల మీద పరుచుకుని సందుల్లోంచి కిందికి ఇంకిపోయాయి. నావికులు బోర్లా పడుకుని తడిచెక్కలను నాకారు.

పల్లకిలోంచి, "నీళ్లు" అని వినిపించింది. "నీళ్లు తెమ్మన్నాను," అని మళ్లీ వినిపించింది.

"నేవు బాబూ," అన్నాడు పెద్దబోయీ. "ఎవులికీ నేవు."

ఇరవై రెండేళ్ల జీవితంలో విమలకేతుడు లేదన్న మాట వినడం అదే మొదలు. అతని బుద్ధికి పట్టిన తుప్పును వదిలించింది జ్ఞానమని ఎవరైనా తర్వాత రాస్తే నమ్మకండి. దాహమే వదిలించింది.

"కాచమా, ఆ పిట్టను తీసుకురా."

ఆమె బుట్ట తెచ్చి పల్లకి అంచు మీద పెట్టి మూత తీసింది. నింగిపిట్ట బయటికి వచ్చి, ఒళ్లు విదిలించుకుని, పల్లకి కొమ్మును వేళ్లతో పట్టుకుని నిలబడింది. తర్వాత టకటకమని నాలుగడుగులు వేసింది. యువరాజు దాన్ని నోరు తెరుచుకుని చూశాడు.

"ఇది నడుస్తుందా?"

"నడుస్తుంది, గెంతుతుంది, కొమ్మల మీద వాలి కాయలు తింటుంది, బురదలో తిరుగుతుంది ప్రభూ. ఆ బురదున్న చోట మన ప్రాణాలున్నాయి."

ధూమకుండుడు బోయీలను తోసుకుంటూ వచ్చాడు. చేతిలో పట్టుసంచి. అందులోంచి కొన వంకర తిరిగిన చిన్న వెండి కత్తెర తీశాడు.

"ప్రభూ, అది జన్మదోషం. అప్పుడప్పుడు వస్తుంటుంది. సంతదీవి తోళ్లకు మా తాతముత్తాతలు తలుపులు మూసి చేసే శుద్ధి ఇదే. ఒక్క క్షణంలో దీన్ని నిష్పాదం చేస్తాను. ఆ తర్వాత శాస్త్రమేం చెబితే అలా చేద్దాం."

కాచమ కళ్లు కత్తెర మీద పడ్డాయి. ఆమె చూపు అలాంటిది, మనుషుల ముఖాలకంటే ముందు చిన్న చిన్న వస్తువులను చూస్తుంది.

"స్వామీ, ఆ కత్తెర కీలులో ఇరుక్కున్న పసుపుపచ్చ పొలుసు ఏమిటి?"

ధూమకుండుడు చెయ్యి వెనక్కు లాక్కోబోయాడు. పెద్దబోయీ మణికట్టు పట్టుకుని పైకెత్తాడు. కీలు సందుల్లో ఒకటి కాదు, పదుల కొద్దీ పొలుసులు, ఎండి, ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. పక్కనే పల్లకి కొమ్మును పట్టుకున్న పిట్ట వేళ్ల మీద అవే పొలుసులు. ఎవరూ ఎవరికీ వివరించనక్కరలేకపోయింది.

"అప్పుడప్పుడు వచ్చే దోషం కాదిది," అంది కాచమ. "మీ ఇంట్లో తరతరాలుగా నడుస్తున్న వృత్తి. ఇన్ని పిట్టల కాళ్లు తెగ్గోసి, ఇంతమంది రాజుల కాళ్లు చచ్చుబరిచారు. దానికి గ్రంథం కూడానా?"

మాంత్రికుడికి ఇక దాచవలసింది లేదు. చెయ్యి విదిలించుకుని, ఎడమచేత్తో పిట్ట తోక దొరకబుచ్చుకుని, కత్తెర తెరిచాడు. కాళ్లు తెగిన పిట్ట రక్తం కారి చస్తుంది, చచ్చిన పిట్ట దారి చూపదు. ముప్పై ఆరుమంది చచ్చినా సరే, వాళ్లలో తానూ ఒకడైనా సరే, గ్రంథం నెగ్గాలి. అలాంటి మూర్ఖత్వానికి పాండిత్యమని పేరుండేది ఆ రాజ్యంలో.

అప్పుడు యువరాజు పల్లకిలోంచి దిగాడు.

రాజపాదం నేలను తాకడం చూసిన కళ్లు పోతాయని ఆచారం చెబుతుంది. ఎనిమిదిమంది బోయీలూ చటుక్కున కళ్లు మూసుకున్నారు. విమలకేతుడి లేత పాదాలు చెక్క మీద ఆనాయి. మోకాళ్లు వెంటనే మడతపడ్డాయి. అతను నడవలేదు, ఉరకలేదు, ఉన్నవాడు ఉన్నట్టు ముందుకు పడ్డాడు. అదృష్టవశాత్తూ పడ్డచోట ధూమకుండుడు ఉన్నాడు. బాగా తిని పెరిగిన రాజశరీరం కనుక మాంత్రికుడు కిందపడి వెంటనే లేవలేకపోయాడు. పొగకుండ పగిలింది. నల్లని పొగ ఓడంతా కమ్మేసింది. ఆ చీకట్లో ఎవరో దగ్గారు, ఎవరో తిట్టారు, నీటిలో ఏదో దభీమని పడిన చప్పుడైంది.

పొగ చెదిరేసరికి పిట్ట తెరచాప కొయ్య కొనన కూర్చుని ఉంది, తోకలో ఒక ఈక తగ్గి, కాళ్లు రెండూ ఉండి. యువరాజు నాలుగుకాళ్ల మీద ఉన్నాడు. ధూమకుండుడు లేడు. ఆయన శిష్యులిద్దరూ లేరు. ఓడ వెనక కట్టిన చిన్న పడవా లేదు.

పిట్ట ఓడ చుట్టూ ఒకసారి తిరిగి ఆగ్నేయానికి సాగింది.

"దాని వెనకే," అన్నాడు యువరాజు చెక్క మీంచి. ఈ ఆజ్ఞ మాత్రం సరైనదే.

చిరిగిన తెరచాపకు అందిన గాలి తక్కువ. ఓడ కుంటుతూ పోయింది. వాళ్ల ముందు, దూరంగా, అదే దిక్కున చిన్న పడవ ఒకటి తెడ్లు వేసుకుంటూ పోవడం కాచమకు కనిపించింది. కాళ్లు లేని పక్షి ఎక్కడ వాలుతుందో ఆయనకు బాగానే తెలుసన్నమాట. ఆమె ఉమ్మేద్దామనుకుంది గాని నోట్లో తడి లేదు.

మధ్యాహ్నం తిరిగేసరికి అసలైన దీవి వచ్చింది. దానికి వెండి జలపాతాలు లేవు. ఎర్రమట్టి గట్టు, బురద రంగు ఏరు, ఏటి మీద వంగిన గుబురు చెట్లు. ఆ చెట్ల మీద వందల కొద్దీ నింగిపిట్టలు కొమ్మలను గట్టిగా పట్టుకుని కూర్చుని, కాయలు పొడుచుకుంటూ, పోట్లాడుకుంటున్నాయి. ఒడ్డున జనం బారులు తీరారు. వాళ్ల భుజాల మీద, తలపాగాల మీద కూడా పిట్టలు. ఓడ రొమ్ములోతు నీళ్లలో ఆగింది. వాళ్లలోంచి ఒక ముసలావిడ, నడుముకు ఎర్రనార కట్టుకున్నది, నిండుకుండ ఎత్తుకుని అలల అంచుకు వచ్చి నిలబడింది. ఎవరు మీరని అడగకముందే దప్పిక తీర్చడం అక్కడి మర్యాద కాబోలు. కుండ అంచున నీళ్లు తొణికి ఎండలో మెరిశాయి. నావికుల్లో ఒకడు గట్టిగా ఏడ్చేశాడు.

ముసలావిడ పక్కన, కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని, గడ్డమంతా తడుపుకుని ధూమకుండుడు నిలబడి ఉన్నాడు. ఆయన కడుపునిండా తాగి ఉన్నాడు. దీవి భాష ఆయనకు రాదు, అవసరమూ పడలేదు. సంచిలోంచి పాత తోలు ఒకటి, కాళ్లు తెగ్గోసింది, తీసి ముసలావిడకు చూపించాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, కాళ్లుండవలసిన చోట బొటనవేలితో తడిమి చూసింది. ధూమకుండుడు రెండు వేళ్లను కత్తెరలా ఆడించాడు. తర్వాత చెయ్యెత్తి ఓడ ముందుకొనన నిలబడ్డ కాచమను చూపించాడు.

ఒడ్డు మీది మనుషులంతా ఆమె వైపు తిరిగారు. భుజాల మీది పిట్టలు ఒక్కసారి గుప్పున లేచాయి. వెనక వరసల్లో ఈటెలు పైకి వచ్చాయి.

ముసలావిడ కోపంగా అరవలేదు. ఓడ మీది వాళ్లందరూ చూసేలా కుండను ముందుకు చాచి, మెల్లగా ఒంచసాగింది. ధార కట్టి మంచినీళ్లు ఉప్పునీళ్లలో పడుతున్నాయి.

"ఆ పిల్ల కాదు," అన్నాడు యువరాజు వెనకనుంచి. గొంతు ఆరిపోయి ఆ మాట ఓడ కూడా దాటలేదు.

కుండలో ఇంకా సగం ఉన్నాయి. కాచమ నడుముకున్న వల తీసి పారేసి, ఖాళీ చేతులు రెండూ పైకెత్తి, ఈటెల వైపు నీళ్లలోకి దూకింది.